రెక్క గీసినవాడు

వాన దంచికొడుతోంది!

జగన్మోహన్‌రావు కారు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతున్నాడు.

ఉట్నూర్ ఘాట్ ఇంకా రెండు కిలోమీటర్లే. ఈలోగా ముందు పోతున్న పాత జీపును ఆపాలి. లేకుంటే సదానందం చస్తాడు!

ఆ జీపు బ్రేక్ పైపు కోసింది తనే...

పొద్దున బెల్లంపల్లిలో, తన ఇంటి ముందే! సదానందం లోపల భోంచేస్తుండగా! సగమే కోశాడు. ఆయిల్ బొట్టుబొట్టుగా కారాలని. ఘాట్ దాకా తెలియకూడదని!

ఇద్దరూ ముప్పై ఏళ్లు ఒకే సంస్థలో పనిచేశారు. సైన్యానికి విమానాలు డిజైన్ చేసే సంస్థ. రేకుల షెడ్డులో, చెక్క నమూనాతో మొదలైన రోజుల నుంచీ! వేగం పెరిగితే వణికిపోయే రెక్కను తొమ్మిది నెలలు కూర్చుని సరిచేసింది జగన్మోహన్‌రావు.

పతకం? సదానందానికి!

డైరెక్టర్ కుర్చీ? సదానందానికే!

ఇప్పుడు సంస్థ చరిత్ర రాసేదీ వాడే! ఇక రెక్క కూడా వాడిదే... ఆ కుళ్లే చేతికి రంపం ఇచ్చింది.

వెళ్తూ సదానందం ఒక కవర్ ఇచ్చాడు.

"రెక్క చాప్టర్‌రా. జర చదువు. ఉట్నూర్ల మన పాత ఫిట్టర్ భూమన్నను కలిసి వస్త."

జీపు వెళ్లిన పావుగంటకు జగన్మోహన్‌రావు ఆ కవర్ విప్పాడు. మొదటి వాక్యం!

'ఈ రెక్క జగన్మోహన్‌రావుది. నాకిచ్చిన పతకం అతనికి దక్కాల్సింది.'

అప్పటినుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. సదానందం ఎత్తడం లేదు.

అదిగో జీపు!

పక్కకు దూసుకెళ్లాడు. అద్దం దించాడు.

"సదానందం! బ్రేకులు పోయినయ్! హ్యాండ్ బ్రేక్ గుంజు!"

"ఏందీ?"

సదానందం అప్పుడు బ్రేక్ తొక్కాడు. పెడల్ అడుగుకు దిగిపోయింది! హ్యాండ్ బ్రేక్ లాగాడు. జీపు జారుతూనే ఉంది... ముందు లోయ!

జగన్మోహన్‌రావు కారును జీపు ముందుకు తిప్పి బ్రేక్ తొక్కిపట్టాడు.

ధడ్!

డిక్కీ నుజ్జు. రెండు బండ్లూ ఈడ్చుకుపోయి... లోయ అంచున ఆగాయి.

సదానందం దిగి పరిగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు.

"బతికిచ్చినవురా!"

అంతలో అతని చేతులు సడలాయి.

"నేను పెడల్ తొక్కకముందే బ్రేకులు పోయినయంటివి... నీకెట్ల ఎరుక?"

జగన్మోహన్‌రావు అబద్ధం వెతుక్కున్నాడు. దొరకలేదు.

"నేనే కోసిన."

"ఎందుకురా?"

"కుళ్లుతోని."

సదానందం రెండడుగులు వెనక్కి వేశాడు. ఫోన్ తీశాడు.

"హలో... పోలీస్ స్టేషనా?"