బోర్లా పడుకున్న నీలం

చెంచు గురవయ్య వాగులో దొరికిన పెంకు ముక్కను చేతిలో పెట్టగానే జుబేదా దాన్ని వెలుగుకు తిప్పి చూసింది. ఇన్నేళ్లు రాళ్ల మధ్య దొర్లినా దాని నీలం మాయలేదు! అది ఆమె తాత బట్టీలో కాల్చిన గాజుపూత.

మసీదు గుమ్మం మీది కమానుకు తాత అడవిలో పలకలు సిద్ధం చేస్తుండగానే కోట శత్రువుల పాలైంది. వాటిని ఎక్కడ దాచాడో చెప్పకుండానే ఆయన కన్నుమూశాడు. కమాను బోసిగా మిగిలిపోయింది. ఇప్పుడు కోటను ఏలవచ్చిన కొత్త కిల్లేదారు, పాత సుల్తానుల పనితనం ఆనవాలైనా కనపడరాదని, శుక్రవారానికల్లా మసీదు గోడంతా సున్నం కొట్టించమన్నాడు.

"ఇది ఏడ దొరికిందన్నా?"

"ఎలుగు గుహ కాడి వాగుల చెల్లె. ఆడికి మనిషన్నోడు పోడు."

"అయితే మనం పోదాం, పా!"

రెండు గాడిదలను తోలుకుని బయలుదేరారు. ఆడమనిషి ఖాళీ గాడిదలతో అడవికి పోతోందంటే నిధికి కాక కట్టెలకా అనుకున్నాడు కిల్లేదారు సిపాయిల జమాదారు సర్ఫరాజ్. నలుగురు సిపాయిలతో వెంటపడ్డాడు.

ముళ్లకంపలు చీల్చుకుని, జారుడు బండలెక్కి ఇద్దరూ గుహలో దూరారు. గబ్బిలాలు గుప్పున లేచాయి. దివిటీ వెలుగులో కూలిన బట్టీ, దాని పక్కన నేలమీద నాలుగు బూడిదరంగు గచ్చు దిమ్మెలు కనిపించాయి. అవే తాత పలకలు! జుబేదా కన్నీళ్లు ఆపుకోలేకపోయింది. రంగు ముక్కలను ఉలితో చెక్కి, వాటి ముఖం నేలకు పెట్టి పేర్చి, వీపున గచ్చు పోసి బిగించడం ఆ ఇంటి పనితీరు. తిరగేసేదాకా చేసినవాడికి కూడా పువ్వు కనపడదు.

"కదిలితే తలలు లేస్తాయ్! నిధి ఎక్కడ?" వెనకే గుహలోకి వచ్చిన సర్ఫరాజ్ కత్తి దూశాడు.

జుబేదా అతని కత్తివైపైనా చూడలేదు, అతని కాళ్లవైపే చూసింది. "దానిమీదనే నిలబడ్డవ్. కాలు తియ్యి!"

జమాదారు కిందికి చూశాడు. బూటు కింద ఎండిన గచ్చు!

"నాతోనే ఎగతాళా? లోపల సొరంగం ఉంది, తవ్వండిరా!"

దురాశకు చెవులుండవు కదా! సిపాయిలు సొరంగంలో గడ్డపారలు దించారు. గురవయ్య, జుబేదా చప్పుడు చేయకుండా మూడు దిమ్మెలు మోసి గాడిదలకెత్తారు. నాలుగోదాని కోసం వచ్చేసరికి పైకప్పు ఫెళఫెళలాడింది.

"కొండ దిగుతాంది! ఇడిసిపెట్టు చెల్లె!"

"ఇడువ! మూడింటితో కమాను నిండది!"

దిమ్మెను వీపున వేసుకుని, రాళ్లు రాలుతున్నా ఒక్కో అడుగే వేసింది. సిపాయిలు, వాళ్లకంటే ముందు జమాదారు, ఆమెను తోసుకుంటూ ఖాళీ చేతులతో అడవిలోకి పారిపోయారు. ఆమె బయటపడీపడగానే గుహ నోరు మూసుకుపోయింది.

శుక్రవారం మధ్యాహ్నానికి కమాను నిండింది. నీలం మీద తెల్లని పూలతీగ ఎండకు మెరుస్తుంటే ఊరు ఊరంతా విరగబడి చూసింది. కిల్లేదారు గుర్రం మీద వచ్చి పళ్లు కొరికాడు.

"కొట్టండి సున్నం!"

కూలీలు కుంచెలాడించారు. నున్నని పూతమీద సున్నం చారలుచారలుగా జారింది. మళ్లీ పూశారు. ఎండిన చోటల్లా పొట్టులా రాలింది. జనంలో నవ్వులు లేచాయి.

జుబేదా నడుం మీద చేతులేసుకుని గుర్రానికి అడ్డంగా నిలబడింది.

"ఇంకా కొట్టించుండ్రి హుజూర్, ఎన్ని కుండలైనా సరే! మీ అసుంటోళ్లు వస్తరనే మా తాత దీన్ని నిప్పుల కాల్చిండు!"