నలభై ఇళ్లు, ముప్పై రెండు అబద్ధాలు

"అన్నా, కేబుల్ బిల్లు మీకు ఎక్కువనిపిస్తదా, తక్కువనిపిస్తదా, సరిపోయిందనిపిస్తదా?"

నర్మెట్టలో ఈ ప్రశ్న అడగకూడని మనిషి ఒక్కడే ఉన్నాడు. అది నేను. ఆరేళ్లుగా ఊళ్లో కేబుల్ నడిపేది నేనే. పైగా ఆ సమయానికి స్తంభం మీదున్నాను. ఒక చేతిలో తెగిన వైరు, ఇంకో చేతిలో కటింగ్ ప్లయర్, కాళ్ల కింద ఇప్పుడే వెలిసిన వాన తడి.

కిందికి చూశాను. నీలం గొడుగు. అది కాస్త పక్కకు జరిగి ముఖం కనిపించింది. నా కాలు జారింది.

"పైలం అన్నా!"

"తక్కువే" అన్నాను, స్తంభాన్ని గట్టిగా వాటేసుకుని. "ఇంక పెంచాలె."

"అబ్బో! తక్కువన్న మనిషిని ఇదే మొదటిసారి చూసుడు."

"బిల్లు వసూలు చేసేది నేనే మరి."

ఆమె నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ట్యాబ్ మీద వేలు మాత్రం ఆగలేదు. పేరు అడిగింది, ప్రశాంత్ అన్నాను. వయసు అడిగింది, ఇరవై ఏడు అన్నాను. ఫోన్ నంబర్ అడిగింది, రెండుసార్లు చెప్పాను. తర్వాత "పెండ్లయిందా?" అంది.

ఇక్కడే కొంప మునిగింది.

ట్యాబ్ పట్టుకుని ఊళ్లోకి ఎవరొచ్చినా సర్కారు మనుషులేనని మా వాళ్ల గట్టి నమ్మకం. మా అమ్మ మరియమ్మ నాకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు నేర్పింది: "ఎవలొచ్చి అడిగినా పెండ్లయింది, ఏరువడ్డం అను. గట్లయితెనే నీకు ఏరే రేషన్ కార్డు, ఇల్లు అస్తయి." పెళ్లి, వేరు కాపురం తర్వాతైనా చూసుకోవచ్చు, ముందు కార్డు రావాలన్నది ఆమె లెక్క.

"అయింది" అన్నాను. "ఏరువడ్డం."

"పిల్లలు?"

అమ్మ అక్కడిదాకా నేర్పలేదు. "ఒక పాప" అనేశాను.

"మంచిదన్నా. వదినను అడిగిన అని చెప్పు" అంటూ నీలం గొడుగు సందు తిరిగి వెళ్లిపోయింది. లేని భార్యను, పుట్టని పాపను నెత్తిన పెట్టుకుని నేను స్తంభం మీదే ఉండిపోయాను.

*

మర్నాడు పొద్దున ఆమె నా కేబుల్ రూముకే వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. పేరు కీర్తన అని, వాళ్లది భూపాలపల్లి అని, నాయిన బొగ్గు బాయిలో పనిచేస్తాడని, తను జనగామ హాస్టల్లో ఉంటూ హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కంపెనీకి సర్వే చేస్తున్నానని చెప్పింది. రాజకీయాల గురించి, బీరు గురించి, టీవీ ఖర్చు గురించి మామూలు జనం ఏమనుకుంటున్నారో రాసుకోవడం ఆమె పని.

"సర్కారు కాదా?" అన్నాను నీరసంగా.

"కాదన్నా. ఎవ్వలు నమ్ముతలేరు. నలభై ఇండ్లు తిరిగిన. ముప్పై ఒక్క ఇంట్ల టీవీ లేదట, మందు ముట్టరట, అందరు లీడర్లు మంచోళ్లేనట! లింగయ్య తాత టీవీ లేదన్నడు. లోపల సీరియల్ల అత్తా కోడండ్లు కొట్లాడుకునేది నాకు ఇనవడుతనే ఉన్నది."

నాకు నవ్వాగలేదు. లింగయ్యకు టీవీ ఉందని చెబితే తెల్లకార్డు కట్ అవుతుందని భయం. ఆ భయం ఊరందరికీ ఉంది.

"నవ్వకన్నా. మా సూపర్వైజర్ ఫోన్ చేసి, హాస్టల్ల కూసొని రాసుకుంటున్నవా అని అడిగిండు. శనివారం కొందరికి ఫోన్ చేసి చెక్ చేస్తరట. ఒక్క ఫారం అబద్ధమని తేలినా నా ఉద్యోగం పోతది. మీరైతె సక్కగ సమాధానం చెప్పిన్రు. ఎవలింట్ల కనెక్షన్ ఉన్నదో మీకే ఎరుక. జర నాతోని వస్తరా?"

మీరైతె సక్కగ. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే ఆమె 'నాతోని వస్తరా' అన్నది. నాకు అదొక్కటే వినిపించింది.

*

లింగయ్య ఇంటి ముందు నేను గొంతు సవరించుకుని "తాతా, ఈ పిల్ల కార్డు కట్ చెయ్యనీకి రాలే, నాది పూచీ" అన్నాను. తాత నన్ను ఎగాదిగా చూసి "మొన్న గిట్లనే ఒకడు పూచీ అన్నడు" అని తలుపు సగం వేశాడు.

కీర్తన ట్యాబ్ మూసి సంచిలో పెట్టేసింది. తడి అరుగు మీదే చతికిలబడింది.

"తాతా, నేనేం రాయ. ఊకె ముచ్చట. బీరు చల్లగ దొరుకుతదా ఊళ్లె?"

తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"చల్లగనా! బిడ్డా, నేను నాలుగు సర్కార్లను చూసిన. ఎవడొచ్చినా ధర పెంచుడే. పెంచితె పెంచిండ్రు, బీరన్న చల్లగ ఇయ్యరాదు? ఎండల పనిజేసొచ్చి ఏడి బీరు తాగితె, ఓటు ఎందుకేసిన్నో అనిపిస్తది."

అలా మొదలైన తాత అరగంట ఆగలేదు. చివరికి తనే లోపలికి తీసుకెళ్లి టీవీ చూపించి, "ముప్పై రెండు ఇంచులది" అన్నాడు గర్వంగా.

ఆ రోజు, మర్నాడు ఊరంతా తిరిగాం. నడుమ నడుమ చినుకులు. ఒకటే గొడుగు. ఆమె దాన్ని నా వైపు జరపడం, నేను ఆమె వైపు జరపడం, చివరికి ఇద్దరం తడవడం. పైగా ఆ గొడుగు కిందే నాకు పరీక్షలు.

"వదిన కనవడదేంది?"

"పుట్టింటికి వోయింది."

"ఎక్కడ?"

"మహబూబాబాద్ దిక్కు. నర్సింహులపేట."

"అలిగి వోయిందా?"

"లేదు లేదు! పత్తిల కలుపు తియ్యనీకి."

"పాపం, పాపతోని కలుపా? ఏం మనిషివన్నా నువ్వు!" అని కోపంగా గొడుగు లాక్కుంది. లేని భార్య తరఫున నన్ను తిట్టడం చూసి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

చివరి ఇల్లు బుచ్చవ్వది. ఎనభై దాటిన ముసలమ్మ, ఒంటరి. ప్రతి నెలా వెళతాను, డబ్బులు తీసుకుంటాను, రిమోట్ పాడైతే బాగుచేస్తాను, వచ్చేస్తాను. ఆమె నాతో నాలుగు మాటలు మాట్లాడిన గుర్తు లేదు. మాట్లాడే మనిషి కాదనుకున్నాను.

"అవ్వా, టీవీకి నెల నెల గంత కడుతున్నవు గదా, ఎక్కువనిపిస్తదా?"

బుచ్చవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. నేనైతే ఈపాటికి ఇంకో ప్రశ్న అడిగేవాణ్ని. కీర్తన అడగలేదు. తల కొంచెం వంచి, కళ్లు ఆర్పకుండా, ఆ ముసలమ్మ ముఖం తప్ప లోకంలో ఇంకేమీ లేదన్నట్టు ఎదురుచూసింది.

"బిడ్డా, ఇంట్ల మనిషి గొంతు ఇనవడాలంటె పైసలు కట్టాల్నా అని ఒక్కో దినం దుక్కమస్తది. మల్ల ఆలోచిస్త. గా గొంతు లేకపోతె పొద్దుగూకదు. అప్పుడు తక్కువే అనిపిస్తది."

నేను తల దించుకున్నాను. నాకా బిల్లు ఎంతో తెలుసు. అది ఆమెకు ఏమిటో ఆ రోజు దాకా తెలియదు.

"ఓటు ఏస్తవా అవ్వా?"

"ఎవలికేస్తవని అడగవా?"

"అడగ. ఎందుకేస్తవో చెప్పు."

బుచ్చవ్వ కళ్లు మెరిశాయి. పెన్షన్ కోసమని ఊరంతా అనుకుంటుందట. కానీ అందుకు కాదట. తన పేరు పెట్టి, ఇంటిపేరుతో సహా, గట్టిగా పిలిచేది ఆ పోలింగ్ బూతులోనేనట. ఆ పిలుపు వినడానికే ఎండైనా వానైనా పోతుందట. చెబుతూ చెబుతూ ముసలమ్మ నిటారుగా కూర్చుంది. ఏ నాయకుడు మాట తప్పాడో, ఏ మాట నిలబెట్టుకున్నాడో, ఏ ఏడు నీళ్లొచ్చాయో ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది. చివర కీర్తన గడ్డం పట్టుకుని, "ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వలు అడగలేదు బిడ్డా" అంది.

నేను ఊళ్లో ప్రతి ఇంటికీ వైరు వేసినవాణ్ని, అందరూ నాకు తెలుసనుకున్నవాణ్ని. ఈ పిల్ల మూడు రోజుల్లో అందరి లోపలికీ వెళ్లింది. తలుపు తట్టి, కూర్చుని, వింది, అంతే. అంత పెద్ద పని అంత నిశ్శబ్దంగా చేసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ప్రేమంటే ఆ పిల్ల కళ్లు, జడ, నవ్వు అనుకున్నాను అప్పటిదాకా. ఆ క్షణంలో మాత్రం చేతులు జోడించాలనిపించింది.

*

శుక్రవారం సాయంత్రం నర్మెట్ట బస్టాపులో నిలబడ్డాం. ఆరు గంటలకు ఫారాలు లాక్ అవుతాయి, ఆ తర్వాత మార్చడానికి లేదు. నాలుగున్నర అయింది.

"ముప్పై ఒక్క ఫారాలు మల్ల రాసిన. రేపు పొద్దుగాల జనగామల హనుమకొండ బస్సెక్కి ఇంటికి పోత" అంది ఆమె, అలసిన ముఖంలో వెలుగుతో. "అంత మీ పుణ్యమే అన్నా. మీ ఫారం ముట్టే అవసరమే రాలే. మొదటి దినమే నిజం చెప్పిన్రు."

ఇక ఆగలేకపోయాను.

"కీర్తనా, నాకు పెండ్లి కాలే."

"ఏంది?"

"భార్య లేదు, పాప లేదు. నర్సింహులపేటల నాకు ఎవ్వలు లేరు. నువ్వు సర్కారు మనిషివనుకొని రేషన్ కార్డు కోసం చెప్పిన. తర్వాత చెప్తె నువ్వు పోతవేమోనని చెప్పలే. నువ్వంటె నాకు పానం."

ఆమె ముఖంలో వెలుగు ఆరిపోయింది. "అందరు భయపడి అబద్ధం ఆడిన్రు. నిజం తెలిసినంక సరిచేసుకున్నరు. నువ్వు రెండు దినాలు నా గొడుగు కిందనే నడిచినవ్."

జనగామ బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీలోంచి వెనక్కి కూడా చూడలేదు. ఆమె నన్ను 'అన్నా' అనలేదని బస్సు పోయాక గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఇంకా బాధేసింది.

ఇంటికెళ్లి అమ్మతో అంతా చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతూ ఆగిపోయింది. "నేనే నేర్పితి గదరా. కార్డు సంగతి సూసుకున్న గని, గిట్లయితదని నాకేమెరుక" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

*

శనివారం తొమ్మిదింటికి ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"ప్రశాంత్ గారా? సర్వే కంపెనీ నుంచి. మీ ఫారం చెక్ చేస్తున్నాం. మీకు పెళ్లయిందా?"

నిన్న సాయంత్రం ఆమె నా ఫారం మార్చిందా, లేదా? మార్చకపోతే, 'కాలేదు' అన్నానంటే ఆమె ఉద్యోగం పోతుంది. మార్చి ఉంటే, 'అయింది' అన్నా పోతుంది. అంత కోపంతో బస్సెక్కిన మనిషి నా ఫారం తెరిచి ఉంటుందా? తెరిచినా నా మాట నమ్మి ఉంటుందా?

"హలో, సార్? పెళ్లయిందా?"

కళ్లు మూసుకున్నాను. తడి అరుగు మీద చతికిలబడిన మనిషి కనిపించింది. ముప్పై ఒక్క ఇళ్లు మళ్లీ తిరిగిన మనిషి. నా మీద ఎంత కోపమైనా ఉండనీ, ఆమె చేతి కింద అబద్ధం మిగలదు.

"కాలేదు" అన్నాను.

అవతల కాసేపు కీబోర్డు టకటకలు వినిపించాయి. ఆ కాసేపట్లో నేను ముసలివాణ్నయ్యాను.

"ఓకే సార్, సరిపోయింది. రిమార్క్స్‌లో కూడా రాశారు, 'మొదట తప్పు చెప్పారు, తనంతట తానే వచ్చి సరిచేశారు' అని. థాంక్యూ."

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. బండి తీశాను.

జనగామ బస్టాండులో హనుమకొండ బస్సు ముందు సంచితో నిలబడి ఉంది కీర్తన. హనుమకొండలో దిగి భూపాలపల్లి బస్సు మారాలి. నన్ను చూసి ముఖం తిప్పుకుంది గానీ అడుగు వెనక్కి వేయలేదు.

"ఫోనొచ్చిందా?"

"వచ్చింది."

"ఏం చెప్పినవ్?"

"కాలేదన్న."

"నేను మార్చకపోయి ఉంటే?"

"నువ్వు మార్చకుండ ఉండవు."

ఆమె నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. బుచ్చవ్వను చూసినట్టే, లోకంలో ఇంకేమీ లేదన్నట్టు. ఆ చూపు కింద నేను చిన్నపిల్లాడినైపోయాను.

"నన్ను గంత నమ్మినవా?" అంది మెల్లగా. ఫోన్ తీసి నంబరు నొక్కింది. "నాయినా, నిన్న రాత్రి చెప్పిన గదా, ఆ పిలగాడు. మాట్లాడు." ఫోన్ నా చేతిలో పెట్టి హెచ్చరించింది. "నిజమే చెప్పాలె."

అవతల గంభీరమైన గొంతు. నమస్కారాలు లేవు, కుశల ప్రశ్నలు లేవు. "మందు తాగుతవా?"

అమ్మ నేర్పిన పాఠాలన్నీ నాలుక చివరకు వచ్చాయి. కీర్తన చూస్తోంది.

"ఆదివారం ఒక బీరు తాగుత బాపూ."

"ఒకటేనా?"

"దావతైతె రెండు."

అటువైపు పెద్దగా నవ్వు వినిపించింది. "ఇంతకుముందు ముగ్గురు సంబంధపోళ్లు వచ్చిండ్రు. ముగ్గురు గూడ వాసన గూడ ఎరుగమన్నరు. ఆ ముగ్గురిని నేను వైన్సు కాడ చూసిన! నువ్వు రా బిడ్డా. కూసొని మాట్లాడుదాం. తర్వాత మీ అమ్మను తోలుకరా."

ఫోన్ తిరిగిచ్చాను. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె బస్సెక్కింది. నేను బండికి తాళం వేసి, అక్కడే వదిలేసి, కదులుతున్న బస్సు పట్టుకుని ఎక్కాను. ఆమె కిటికీ వైపు జరిగి పక్క సీటు మీది సంచి తీసింది. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

కండక్టర్ వచ్చి అడిగాడు. "ఎంతమంది?"

"ఇద్దరం" అన్నాను.

తప్పు చెబితే ఆమె అక్కడికక్కడే సరిదిద్దే మనిషి. సరిదిద్దలేదు.