పచ్చిమట్టి పాప

ఆ ఉదయం వచ్చిన మనిషి తలుపు తట్టలేదు, బాదింది. అసిస్టెంటు గడియ తీసేసరికి ఎదురుగా ముప్పై దాటిన స్త్రీ. చేతులకు మట్టి, చెంపల మీద మట్టి, కాళ్లకు చెప్పులు లేవు.

"భూతద్దం పిన్ని అంటే మీరేనా?" అని ఆమె అతన్నే అడిగింది.

అతను భారీ మనిషి, పైగా గుబురు మీసాలు. కంగారులో ఉన్నవాళ్లకి మీసాలు కూడా కనపడవు కాబోలు.

"నేను ఆవిడ అక్క కొడుకునండీ. పిన్ని లోపలుంది, రండి" అన్నాడు అతను మర్యాదగా.

భూతద్దం పిన్ని జీవితంలో ఎన్నడూ భూతద్దం ముట్టుకోలేదు. వీధివాళ్లు తగిలించిన ఆ పేరంటే ఆవిడకు ఒళ్లుమంట. కళ్లజోడైనా లేకుండా వీధి చివరి బోర్డు చదివేసే తనకు భూతద్దం దేనికని ఆవిడ వాదన. ఊళ్లో ప్రైవేటు డిటెక్టివుల్లో ఆవిడను మించినవాళ్లు లేరని అసిస్టెంటు గట్టి నమ్మకం. మిగతావాళ్లు ఎవరో అతనికి తెలియదు, అది వేరే సంగతి.

"ముందు కూర్చో అమ్మాయ్. మంచినీళ్లు తాగు. ఏం పోయింది?" అంది పిన్ని.

"పోలేదండీ, పగిలిపోయింది. ఎవరో పగలగొట్టేశారు" అంటూ ఆమె బావురుమంది.

ఏడుపు మధ్య చెప్పిందంతా ఒకచోట చేర్చుకుంటే తేలింది ఇది. ఆమె శిల్పి. ఊరి చివర పాత నూలుమిల్లును బాగుచేయించి, అందులో కళాకారులకు రెసిడెన్సీ నడుపుతున్నారు. ఎంపికైనవాళ్లకు గది ఇస్తారు, భోజనం పెడతారు, నెలనెలా చేతిఖర్చులూ ఇస్తారు. వాళ్లు చేయాల్సిందల్లా తమ పని తాము చేసుకోవడమే. ఈ విడత ఆమెతో పాటు ఒక చిత్రకారుడు, ఒక డాన్సరు, ఒక నాటకాల నటుడు ఉన్నారు. సాయంత్రం జడ్జీలు వచ్చి నలుగురి పనీ చూసి, ఒక్కరికి మాత్రం మరో ఏడాది ఉండే అవకాశం ఇస్తారు.

"ఏడాదికి ఎంపికైతే విడిగా క్వార్టరు ఇస్తారండీ. కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. నా కూతుర్ని మా అక్క దగ్గర వదిలి వచ్చాను. దాని ముఖమే మట్టితో చేశా. నవ్వుతూ ఉంటుంది. అది చూపించి, దాన్ని తెచ్చేసుకుందామని..."

"రాకపోతే?"

"మళ్లీ టైలరింగు షాపే. పడకా ఆ షాపు వెనక గదిలోనే. అక్కడ పిల్లని ఉండనివ్వరు. పోలీసులంటే మేనేజరు గారు వద్దంటున్నారు, జడ్జీలు వచ్చే రోజు గొడవెందుకట. ఎవరు చేశారో తెలిసినా నా బొమ్మ తిరిగి రాదు. అయినా తెలుసుకోకపోతే నాకు ముద్ద దిగదండీ."

పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

*

శిల్పి గదికి తాళం లేదు. రెసిడెన్సీలో ఏ గదికీ ఉండదు, ఒకరి పని ఒకరు చూసి నేర్చుకోవాలని అక్కడి నియమం. కిటికీ పక్కన చెక్క స్టాండు, అటకంత ఎత్తున ఒక అర, దాని మీద వరసగా మట్టి తలలు.

"అవన్నీ ముందు చేసి చూసుకున్నవి. ముక్కు కుదరనివీ, నవ్వు కుదరనివీ" అంది శిల్పి.

"అసలుదాన్ని రాత్రి ఎలా వదిలిపెట్టావ్?"

"తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పా. పెదవి దగ్గర ఇంకాస్త పని ఉంది. మట్టి ఆరిపోతే దిద్దలేం కదండీ. పొద్దున వచ్చి చూస్తే గుడ్డ ఓ మూల, కవరు ఓ మూల, నేలంతా ముక్కలు. గుమ్మంలోనే కూలబడ్డాను. బాబాయే వచ్చి లేపాడు."

"బాబాయ్ ఎవరు?"

"నటుడండీ. అందరం అలాగే పిలుస్తాం. నన్ను లోపలికి రానివ్వలేదు, చూస్తే తట్టుకోలేవంటూ తనే అన్నీ ఊడ్చి బకెట్లో వేసి నీళ్లు పోశాడు. మట్టి మళ్లీ పనికొస్తుందని."

బకెట్లో ఇప్పుడు బురద తప్ప ఏమీ లేదు. పిన్ని నేల మీద మోకరిల్లి, బల్ల కింద చెయ్యి పెట్టి, చీపురుకు అందని ముక్క ఒకటి బయటికి లాగింది. రెండు వేళ్ల మధ్య నొక్కితే బిస్కెట్టులా టప్పున విరిగింది. ఆవిడ దాన్ని రుమాల్లో కట్టుకుంది. తర్వాత స్టూలెక్కి అర మీద చూసింది. తలల వరసలో ఒకచోట దుమ్ము లేని గుండ్రటి మచ్చ.

స్టూలు దిగుతూ ఆవిడ స్టాండు వెనక్కి వంగింది. వెనక కాళ్లు రెండింటి దగ్గరా, నేల మీద చిన్న చిన్న కాగితం టేపు ముక్కలు. కాలి మూలను పట్టి చూపిస్తున్నట్టు ఒక్కోచోట రెండేసి కలిపి అతికించి ఉన్నాయి.

"ఇవి నువ్వు పెట్టావా?"

"లేదండీ. నేను టేపే వాడను. మిగతా ముగ్గురూ వాడతారు, మేనేజరు గారు అందరికీ ఒకే రకం కొనిస్తారు."

"పిన్నీ, చిత్రకారుడే!" అన్నాడు అసిస్టెంటు చెవిలో. అతనికి ప్రతి కేసులోనూ మొదటి గంటలోనే దొంగ దొరికిపోతాడు. పాపం, ఇంతవరకు ఒక్కడూ అసలు దొంగ కాలేదు.

*

చిత్రకారుడు వాళ్లను చూడగానే కుంచె దించి సిద్ధంగా నిలబడ్డాడు. గోడకు ఆనించిన పెద్ద కాన్వాసు అంచుల వెంట పొడుగ్గా టేపు అతికించి ఉంది, రంగు అవతలికి పోకుండా.

"మొన్న ఆవిడతో దెబ్బలాడావట కదా, ఆ అమ్మాయే చెప్పింది" అంది పిన్ని.

"దెబ్బలాడానండీ. ఆవిడ గది నుంచి మట్టి దుమ్ము వచ్చి నా తడి రంగు మీద కూర్చుంది. ఆకాశం కాస్తా బూడిదగుమ్మడికాయ అయింది. ఆవిడ మీద కోపం ఉందా అంటే ఉంది. ఆ బొమ్మ నా బొమ్మకంటే బాగుందా అంటే, అదీ ఉంది."

"మరి ఎవరు చేసుంటారు?"

"ఎవరైనా కానీండి, వాడు కళాకారుడు కాదు" అన్నాడు అతను మొహమంతా ఎర్రబడగా. అసిస్టెంటు ఇదంతా నటన అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

డాన్సరు గదిలో సామాను ఏమీ లేదు. గోడలకు అద్దాలు, నేల సరిగ్గా మధ్యలో టేపుతో చిన్న కూడిక గుర్తు.

"నేను ఎటు తిరిగినా నడిమధ్య ఎక్కడుందో నా పాదానికి తెలియాలండీ" అంది ఆమె చెమట తుడుచుకుంటూ. "తెల్లారకముందే లేస్తాను. ఇవాళ వరండాలో ట్రాలీ చక్రాల చప్పుడు విన్నాను. అది అందరం వాడే ట్రాలీయే, అందుకే పట్టించుకోలేదు."

"ఏదైనా పగిలిన చప్పుడు?"

"ఆ తర్వాత కాసేపటికి విన్నానండీ. వంటగదిలో గిన్నె పడిందనుకున్నా."

పిన్ని ఆమె భుజం తట్టింది. అసిస్టెంటుకు ఆ తట్టడం తెలుసు. పిన్నికి ఏదో దొరికిందన్నమాట!

నటుడి గది ఇంటి ముందుగదిలా ఉంది. సోఫా, నాలుగు కుర్చీలు, బల్ల, దీపపు స్తంభం, మూల పడక్కుర్చీలో తల మీదుగా శాలువా కప్పుకుని వంగి కూర్చున్న ముసలావిడ. ప్రతి సామాను వెనకా నేల మీద టేపు ముక్కలు.

అసిస్టెంటు గబగబా ముసలావిడ దగ్గరికి వెళ్లి, "నమస్కారం అమ్మమ్మ గారూ" అంటూ భుజం మీది శాలువా జారుతుంటే సర్దాడు. అమ్మమ్మ గారు పలకలేదు.

నటుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది బొమ్మ బాబూ! నా నాటకంలో నేనొక్కడినే మాట్లాడతాను, అమ్మమ్మ వింటూ ఉంటుంది. నువ్వే మోసపోయావంటే జడ్జీలూ మోసపోతారు!"

అసిస్టెంటు సిగ్గుతో చచ్చిపోయి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని పక్కకు జరిగాడు.

"పొద్దున ఆ అమ్మాయిని లేపింది మీరేనట" అంది పిన్ని.

నటుడి ముఖంలో నవ్వు ఆరిపోయింది. తల నెరిసిన మనిషి, గొంతు మాత్రం ఇంకా గదంతా నిండుతుంది. "ఏం చెప్పమంటారు. పసిపిల్ల ముఖం. ఎవరికి చేతులొచ్చాయో!"

పిన్ని బల్ల మీదున్న నీళ్లు చల్లే సీసా వంక చూసింది. "ఇదెందుకు?"

"దుస్తులు ఇస్త్రీ చేసుకోవడానికి."

"మంచిది. నాకు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి రెండు ముక్కలు మాట్లాడాలని ఉంది. ఈ మిల్లులో కుర్చీలు దండిగా ఉన్న గది మీదొక్కటే" అంది పిన్ని.

*

సాయంత్రమైంది, జడ్జీలు వచ్చే వేళయిందని మేనేజరు హడావుడి పడుతూనే వచ్చి కూర్చున్నాడు. అతని పక్కన చిత్రకారుడు, డాన్సరు, నటుడు. శిల్పి తలుపు దగ్గర నిలబడింది. అసిస్టెంటు చిత్రకారుడు పారిపోకుండా అతని కుర్చీ వెనకే కాపలా కాశాడు.

పిన్ని రుమాలు విప్పింది. "అమ్మాయ్, పట్టుకుని చూడు. ఇది రాత్రి తడిగుడ్డ చుట్టిన మట్టేనా?"

శిల్పి ముక్కను వేళ్ల మధ్య తిప్పింది. కళ్లు పెద్దవయ్యాయి. "కాదు! ఇది ఎండిపోయిన మట్టి. పచ్చిమట్టి కిందపడితే సొట్టపోతుంది, చితుకుతుంది గానీ ఇలా పెళుసుగా పగలదు!"

"పగిలింది నీ అర మీద ఎండిన పాత తల. అక్కడ ఒకటి తక్కువుంది. ముక్కలు చేత్తో పట్టుకుంటే నీకు క్షణంలో తెలిసిపోయేది. అందుకే నిన్ను ముట్టుకోనివ్వలేదు, అందుకే వాటి మీద నీళ్లు పోశారు. ముందు ట్రాలీ వెళ్లింది, ఆ తర్వాత పగిలింది. పగలగొట్టడానికే వచ్చినవాడికి ట్రాలీతో ఏం పని?"

పిన్ని పక్కనున్న కుర్చీని ఇవతలికి లాగి, మళ్లీ వెనక్కి నెట్టింది.

"స్టాండు కిటికీ పక్క మూలన ఉంది. అంత బరువు దించాలంటే స్టాండును ఇవతలికి లాగాలి, మళ్లీ వెనక్కి నెట్టాలి. లాగేముందు ఎవరో వెనక కాళ్ల దగ్గర టేపుతో గుర్తు పెట్టారు. ఇక్కడ ముగ్గురు టేపు వాడతారు. చిత్రకారుడు అంచు వెంట పొడుగ్గా అంటిస్తాడు. డాన్సరు నడిమధ్య గుర్తు పెట్టుకుంటుంది. సామాను కదిలించే ముందు అది మళ్లీ అదే చోటికి రావాలని, చూసేవాళ్లకు కనపడకుండా వెనక కాళ్లకే గుర్తు పెట్టేది ఒక్క స్టేజీ మనిషే. జన్మంతా చేసిన పని. దొంగతనానికి వెళ్లినా చెయ్యి ఊరుకోలేదు."

అందరి కళ్లూ కుర్చీల వెనకున్న టేపు ముక్కల మీదికి, అక్కణ్నుంచి నటుడి మీదికి తిరిగాయి. అసిస్టెంటు చిత్రకారుడి కుర్చీ వదిలేసి ఒక్క అంగలో తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"ఒరేయ్, పొద్దున అమ్మమ్మ గారి శాలువా సర్ది చెయ్యెందుకు తుడుచుకున్నావ్?"

"తడిగా ఉంది పిన్నీ" అని, ఆ మాట పూర్తయ్యాక గానీ అతనికి అర్థం కాలేదు. "తడిగా ఉంది!" అని అరిచాడు ఈసారి.

శిల్పి అప్పటికే పడక్కుర్చీ దగ్గరికి దూకింది. శాలువా తొలగించింది. ముసలి భుజాల మీద పసిపిల్ల ముఖం, నోరారా నవ్వుతూ.

ఆమె ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. అందరికీ కళ్లు చెమర్చాయి. మేనేజరు ముక్కు చీదాడు.

"పగలగొడదామనే వెళ్లాను" అన్నాడు నటుడు. నిండుగొంతు ఇప్పుడు ఎవరికీ వినపడనంత సన్నగా ఉంది. "మా నాటక సమాజం మూతపడింది. ఈ రెసిడెన్సీ నుంచి ఆ రెసిడెన్సీకి పెట్టె మోసుకు తిరుగుతున్నా. ఈ ఏడాదైనా ఒకచోట ఉందామని... గుడ్డ తీసి చూశా. నవ్వుతోంది. చేతులు రాలేదమ్మా. జడ్జీలు వెళ్లిపోయాక ఎక్కడో దొరికిందని ఇచ్చేద్దామనుకున్నా. ఆరిపోకుండా నీళ్లు చల్లుతూనే ఉన్నా."

"మీరు ఇప్పుడే సామాను సర్దుకోండి" అన్నాడు మేనేజరు.

నటుడు తలవంచుకుని లేచాడు. శిల్పి అతని వంక చూసింది. "చేసిందంతా చేసి, పొద్దున నా తల నిమిరి ఓదార్చావు బాబాయ్. అది మాత్రం మర్చిపోలేను. కానీ నీళ్లు చల్లావు చూడు, అదీ మర్చిపోను" అంది. అంతకుమించి మెత్తటి మాట ఆమె నోట రాలేదు, రావాలని ఎవరూ అనుకోలేదు.

*

జడ్జీలు వచ్చేసరికి తల మళ్లీ స్టాండు మీద ఉంది. మోసింది అసిస్టెంటు, దారి చూపించింది చిత్రకారుడు. అయితే ఒక చెంప మీద శాలువా నేత అచ్చుపడింది, పెదవి పని అలాగే ఉండిపోయింది.

"కాస్త టైమిస్తే సరిచేస్తానండీ" అంది శిల్పి.

జడ్జీల్లో పెద్దావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "చేయమ్మా. మేం ఇక్కడే కూర్చుని చూస్తాం."

శిల్పి బొటనవేలు నీళ్లలో ముంచింది. చెంప మీద మెల్లగా రాసింది. నేత మాయమవుతూ చర్మం వచ్చింది. పెదవి కొసన చిన్న నొక్కు నొక్కింది, అంతే, ఇంతసేపూ ఊరికే నవ్వుతున్న పిల్ల ఇప్పుడు ఎదుటివాళ్లను చూసి నవ్వినట్టయింది. జడ్జీల్లో ఒకాయన తనకు తెలియకుండానే తిరిగి నవ్వాడు. అసిస్టెంటు మీసం కొరుకుతున్నాడు.

మిగిలినవాళ్ల పనీ చూసి, మిల్లు ముంగిట్లో నిలబడి పెద్దావిడ ఫలితం చెప్పింది. మాట పూర్తికాకముందే చప్పట్లు మొదలుపెట్టింది చిత్రకారుడు. డాన్సరు శిల్పిని కౌగలించుకుని గిరగిరా తిప్పేసింది.

శిల్పి చేతుల నిండా మట్టి. అందుకని పిన్నే నంబరు నొక్కి, ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకుంది.

"అక్కా, వచ్చిందే! ఏడాది ఇచ్చారే! దాని బట్టలూ పుస్తకాలూ పెట్టెలో సర్దు" అంది శిల్పి ఏడుస్తూ నవ్వుతూ.

అవతలి గొంతు పిన్నికి కూడా స్పష్టంగా వినపడింది.

"నువ్వు వెళ్లిన వారానికే సర్దేశానే. నీ కూతురు ఆ పెట్టె మీదే కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. ఉండు, ఇస్తున్నా."