పడుగు కొస

శ్రీనాథ్ ఉద్యోగం ఏమిటని అడిగితే చెప్పడం కాస్త కష్టం. కరెంటు కార్లకు చార్జింగ్ స్టాపులు పెట్టే కంపెనీ తరఫున ఊరూరా తిరగాలి. తానెవరో చెప్పకుండా కారుకు చార్జింగ్ పెట్టుకుని, ఆ స్టాపు ప్రయాణికులకు పనికొస్తుందో లేదో మార్కులు వేయాలి. విజయవాడలో వాళ్ల అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మావాడు ఆఫీసరు" అని ఒక్క మాటలో తేల్చేసింది.

ఆ ఆఫీసరు ఆ పొద్దున ఆదోని దాటి, ఎమ్మిగనూరు రోడ్డు మీద ఏసీ కట్టేసి, ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ కారు నడుపుతున్నాడు. బ్యాటరీ మూడు శాతం ఉంది. చార్జర్లకు మార్కులు వేసే మనిషి బయల్దేరే ముందు తన కారుకు చార్జింగ్ పెట్టుకోవడం మరిచిపోయాడు.

ఎమ్మిగనూరు పొలిమేరలో రేకుల షెడ్డు, దాని కింద చార్జర్ కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. తీరా కారు లోపలికి తిప్పబోతే, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెల్లటి నూలు దారాలు బారుగా బిగించి ఉన్నాయి. కారు సంగతి సరే, కోడిపిల్ల కూడా దూరేలా లేదు.

ఒళ్లు మండి గట్టిగా హారన్ కొట్టాడు.

అవతలి స్తంభం దగ్గర తాడు ముడి వేస్తున్న ముసలామె ఉలిక్కిపడి తాడు వదిలేసింది. దారాల చివర కట్టిన కర్ర ఊగిపోయింది.

"కొస! కొస పట్టుకోప్పా!" అంటూ గంజి కుంచె చేత్తో పట్టుకున్న అమ్మాయి ఈ చివర నుంచి అరిచింది.

శ్రీనాథ్‌కు తెలిసిన కొస ఒక్కటే, చార్జర్ తీగ కొస. కారు దిగి పరుగెత్తి, ఎంతో బాధ్యతగా చార్జర్ గన్ను పట్టుకుని నిలబడ్డాడు.

"అది కాదప్పా! ఆ కర్ర! పడుగు కింద పడితే మా నాయన మగ్గం ఆగిపోతాది!"

అప్పటికి అర్థమై, గన్ను వదిలేసి కర్ర పట్టుకున్నాడు.

"గట్టిగా లాగి పట్టుకో. గంజి ఆరేదాకా వదలొద్దు."

"ఆరేదాకా అంటే ఎంతసేపండీ?"

"ఆరేదాకా."

ఇంత స్పష్టమైన సమాధానం ఏ కస్టమర్ కేర్‌లోనూ దొరకదు. శ్రీనాథ్ నిలబడ్డాడు. ఆ అమ్మాయి పడుగు మీద కుంచెతో గంజి దువ్వుకుంటూ అతని దగ్గరిదాకా వస్తుంది, మళ్లీ వెనక్కి పోతుంది. వచ్చినప్పుడల్లా అతని చేతుల వంక అనుమానంగా చూస్తుంది. నాలుగోసారి వచ్చేసరికి, ఈ గంజి ఇంకాస్త నిదానంగా ఆరితే బాగుండునని ఆఫీసరుగారికి అనిపించింది.

ముసలామె మాత్రం బుగ్గ నొక్కుకుంది. "ఏమే కుమారీ, కొస ఎవురి చేతికిచ్చినావే? మన ఇంట్లో పడుగు కొస ఇంటోళ్లే గదా పట్టుకునేది!"

కృష్ణకుమారి ముఖం ఎర్రబడింది. "అవ్వా, నువ్వు ఊరికే ఉండు."

లోపలి నుంచి వచ్చిన తండ్రి నాగప్ప, కర్ర పట్టుకున్న కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. "పట్టుకున్నాడు గదా, ఇప్పుడేం సేస్తాం" అని పడుగు బిగువు చూసుకుని వెళ్లిపోయాడు.

పడుగు తీశాక కారుకు చార్జింగ్ ఎక్కడం మొదలైంది. చార్జర్ చక్కగా పనిచేస్తోంది. బాత్రూమ్ శుభ్రంగా ఉంది. పైగా వేడి వేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కూడా వచ్చాయి. శ్రీనాథ్ ఫోన్‌లో ఆ స్టాపు రివ్యూలు తెరిచాడు.

"మీ స్టాపుకు అన్నీ ఫైవ్ స్టార్లే ఉన్నాయే! ఈ నాగప్ప అంటే..."

"మా నాయన."

"ఆయనకు కారుందా?"

"మగ్గముంది."

"మరి ఈ వీరమ్మ గారు? 'నీడ శానా బాగుంది' అని రాశారు."

"మా అవ్వ. అబద్ధమేం రాయల్యా, నీడ బాగానే ఉంది గదా."

శ్రీనాథ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె నవ్వలేదు. "నీకు నవ్వులాటగా ఉందిప్పా. కంపెనీవాళ్లు ఎవుర్నో తనిఖీకి పంపుతారంట. తప్పు రాస్తే మెషీన్ పీక్కోని పోతారు. నేను మళ్లా హైదరాబాద్ పోయి, కాల్ సెంటర్లో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకోని, ముక్కూమొహం తెలీనోళ్లతో తిట్లు తినల్ల. ఈ మెషీన్ తెచ్చుకునేకి నాయనను ఎంత బతిమాలినానో!"

బజ్జీలో మిరపకాయ అప్పుడే తగిలిందతనికి. నీళ్లు తాగి, "ఆ తనిఖీ మనిషి మంచివాడే కావొచ్చు" అన్నాడు.

"యాడ మంచోడు! కండ్లద్దాలు పెట్టుకోని, అందరికీ వంకలు పెట్టే రకం ఉంటాడు."

శ్రీనాథ్ మెల్లగా కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కాసేపు ఆమె ముఖం మసకగా కనిపించింది. అదొక్కటే అతనికి బాధ కలిగించింది.

ఆదోని లాడ్జిలో రిపోర్టు ముందు కూర్చుంటే ఉగ్గాని గుర్తొచ్చింది, ఆమె గుర్తొచ్చింది. మూడు శాతంతో వచ్చి హారన్ కొట్టిన తన మొహమూ గుర్తొచ్చింది. ఇంకెవరో పిల్లల్నేసుకుని మంత్రాలయం పోతూ అలాగే వస్తే, గంజి ఆరేదాకా ఆగాల్సిందే కదా. ప్రేమించాను కాబట్టి మార్కులు వేస్తాననడం మర్యాదగా ఉండదనుకుని నిజమే రాశాడు. కంపెనీ ఆ స్టాపును ఫెయిల్ చేసింది. ఇంకొక్క తనిఖీ, అందులోనూ తప్పితే మెషీన్ వెనక్కి.

కంపెనీ కుమారికి పంపిన ఉత్తరువు కింద అతని పేరు, నంబరు ఉన్నాయి. అది అందిన వెంటనే అతని ఫోన్ మోగింది.

"కొస పట్టుకున్న చెయ్యేనా ఇది రాసింది?"

"కుమారి గారూ, దారికి అడ్డం ఉందని మాత్రమే రాశాను. అది నిజమే కదండీ."

"ఉగ్గాని బాగుందని రాసినావా?"

"రాశాను. దానికి మార్కులు లేవు."

"తినేటప్పుడు సెప్పల్యా, మార్కులు లేవని!" ఫోన్ పెట్టేసింది.

రెండో తనిఖీకి వేరేవాళ్లను పంపుతామంటే, ఆ రోడ్డు తనకు బాగా అలవాటని శ్రీనాథ్ బాసును ఒప్పించాడు. జీవితంలో ఒక్కసారి పోయిన రోడ్డది.

ఈసారి షెడ్డు కింద ఖాళీగా ఉంది. కార్లు నిలిపే చోటు చుట్టూ పసుపు గీత మెరుస్తోంది. నాగప్పతో పెద్ద యుద్ధమే చేసి, కుమారి షెడ్డు వెనక ఆకుపచ్చ నెట్టు కట్టించింది. పడుగు ఇప్పుడు దాని కింద ఉంది. నక్షత్రాలిచ్చిన ఇంటివాళ్లంతా వాటిని వెనక్కి తీసుకున్నారు, వీరమ్మ తప్ప. నీడ విషయంలో ఆమె మాట మార్చే మనిషి కాదు.

శ్రీనాథ్ కళ్లద్దాలు పెట్టుకునే దిగాడు. అన్నీ చూసి, ఆమె ఎదుటే ఫోన్‌లో మార్కులు పంపాడు. "పాసయ్యారండీ. మెషీన్ ఇక్కడే ఉంటుంది."

కుమారి గుండెల నిండా ఊపిరి తీసుకుంది. కళ్లలో నీళ్లు కనబడకుండా పక్కకు తిరిగి, "సరే, పని అయిపాయ గదా. పోయిరా" అంది.

"చార్జింగ్ పెట్టుకోవాలి."

ఆమె కారులోకి తొంగిచూసింది. తెర మీద తొంభై ఆరు శాతం కనిపించింది.

"ఆదోనిలోనే ఎక్కించుకోని వచ్చినావా?"

"ఆ. ఇవాళ మరిచిపోలేదు."

"మళ్లా ఈడ ఏం పని నీకు?"

వచ్చేదారంతా పెద్ద పెద్ద మాటలు సిద్ధం చేసుకున్నాడు. అన్నీ పక్కన పెట్టేశాడు. నెట్టు కింద వీరమ్మ వణికే చేతులతో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. అటు చూస్తూ అన్నాడు. "కొస పట్టుకుందామని వచ్చాను. ఈసారి తెలిసే. ఇంటివాళ్లే పట్టుకోవాలని అవ్వ చెప్పింది కదా."

కుమారి గంజి కుంచెను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "కండ్లద్దాలు పెట్టుకుంటేనే బాగుండావు" అంది చివరికి. "పో, పట్టుకో. అవ్వకు చేతులు నొస్తాండాయి."

వీరమ్మ కర్రను అతని చేతికిచ్చి, మనవరాలి వంక చూసి బోసినోటితో నవ్వింది. అవతలి చివర నాగప్ప పడుగు బిగువు చూసి, కుర్రాణ్ణి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"గంజి ఆరేదాకా కాదప్పా. మా ఇంట్లో ఒకసారి పట్టుకుంటే వదిలేది లేదు. సూసుకో మరి."

శ్రీనాథ్ కర్రను ఇంకాస్త దగ్గరికి లాక్కుని పట్టుకున్నాడు.