హరిత వాటా

సముద్రం మధ్య దీవిలోని బ్రూక్షాబాద్‌లో కుళాయి నీళ్లొచ్చే రోజంటే గవరమ్మకి పండగా, యుద్ధమూ రెండూ. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు ఏ ఘడియలో వస్తాయో చెప్పలేం గనక, తెల్లవారక ముందే ఆవిడ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, డ్రమ్ములూ బకెట్లూ వాకిట్లో వరసగా పెట్టి, ఇంటిల్లిపాదినీ నిద్ర లేపేస్తుంది. ఆ శుక్రవారమూ అంతే జరిగింది.

"ఓలి లహరీ, ఆ పైపు ఇటు లాగే! కనకా, డ్రమ్ము మూత తియ్యమ్మా. ఒరే రాంపెసాదూ, అలా గోడలా నిలబడిపోనావేటి? నీకూ రెండు సేతులున్నాయి గదా!"

రామ్‌ప్రసాద్ చాథమ్ నుంచి బేంబూఫ్లాట్‌కి తిరిగే ఫెర్రీలో సరంగు. లారీలూ బస్సులూ జనమూ ఎక్కిన అంత పెద్ద పడవా అతని మాట మీద కదులుతుంది. ఇంట్లో మాత్రం అతను తల్లి మాట మీద కదులుతాడు. ఇస్త్రీ యూనిఫాంలో ఉన్నవాడు కాస్తా కిమ్మనకుండా వచ్చి బకెట్ అందుకున్నాడు. భార్య కనకలక్ష్మి నవ్వు దాచుకుంటూ డ్రమ్ము మూత తీసింది.

సరిగ్గా అప్పుడే వాళ్ల కూతురు లహరి చేతిలో ఫోను టింగుమంది. ఆ పిల్ల ఒక్క క్షణం తెర వంక చూసి, పైపు వదిలేసి గెంతింది.

"నానమ్మా! మిల్ గయా! వచ్చేసింది!"

వదిలేసిన పైపు తన ఇష్టం వచ్చినట్టు తిరిగి, ముందు కనకలక్ష్మిని, తర్వాత ఇస్త్రీ యూనిఫాంని నిలువునా తడిపేసింది.

"ఏటొచ్చిందే? నీళ్లు ఎప్పుడో వొచ్చీసినాయి గదా!"

"నీళ్లు కాదు నానమ్మా, పీహెచ్‌డీ! వైజాగ్ యూనివర్సిటీలో సీటు, దాంతోపాటు ఫెలోషిప్. నెలనెలా డబ్బులిస్తారు. బోటు అద్దె, డైవింగ్ ట్యాంకుల ఖర్చు, సబ్ కుఛ్ వాళ్లే. ఫీల్డువర్కు మాత్రం ఇక్కడే, మన సముద్రంలోనే."

"దేని మీదే సదువు?"

"సముద్రం అడుగున పెరిగే గడ్డి మీద."

గవరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "గడ్డి కోసం అంత పెద్ద సదువా? మరి ఆవులేవే?"

"ఉన్నాయి! ఆ గడ్డి తిని బతికే జంతువుని సముద్రపు ఆవనే అంటారు. గడ్డి పోతే ఆ ఆవులూ పోతాయి."

"అలాగైతే సదవాల్సిందే," అని గవరమ్మ తీర్పు చెప్పేసింది. మనవరాలి గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. అక్కడితో ఆగితే ఆవిడ గవరమ్మ ఎందుకవుతుంది? పిట్టగోడ దగ్గరికెళ్లి పక్కింటి బెంగాలీ ఆవిడని కేకేసింది.

"ఓ బౌదీ! మేరా పోతీ బడా డాక్టర్ హోగయా!"

"సూయీవాలా డాక్టర్, మాసీ?"

"నహీ నహీ, ఘాస్‌వాలా!"

సూది డాక్టరు కాదట, గడ్డి డాక్టరట! కనకలక్ష్మి తడిచీరతోనే మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఆ పూట ఆ ఇంట్లో నీళ్లకన్నా నవ్వులే ఎక్కువ పారాయి.

సాయంత్రం భోజనాల దగ్గర రామ్‌ప్రసాద్ అడగనే అడిగాడు. "ఇంతకీ ఈ డబ్బు ఎవరిదమ్మా? గవర్నమెంటుదా?"

"కాదు నాన్నా. డైరీ ఫార్మ్ పేటలో శేషమ్మ టీచరుగారని ఉన్నారు, రిటైరయ్యారు. ఆవిడా, వాళ్లాయన ఉదయ్‌కుమార్‌గారూ కలిసి యూనివర్సిటీకి ఒక నిధి ఇచ్చారు. అసలు కదపరు, దాని మీద వచ్చేదాంతో మన దీవుల పిల్లలు రిసెర్చి చేసుకోవాలి. ఆదివారం వాళ్లింటికి ఫ్యామిలీతో రమ్మన్నారు. పేరేంటంటే..." లహరి ఫోనులో చూసి చదివింది. "హరిత స్మారక ఫెలోషిప్."

"ఆరిత ఎవులు?" అంది గవరమ్మ చేపల పులుసు వడ్డిస్తూ.

"వాళ్లమ్మాయి. చదువుకుంటూ ఉండగానే పోయిందట. నా వయసే."

గవరమ్మ వడ్డించడం ఆపి గరిటె గిన్నెలో పెట్టేసింది.

ఆవిడ పుట్టింది భావనపాడు దగ్గర సముద్రపు ఒడ్డున. పెళ్లై ఓడెక్కి ఈ దీవులకొచ్చి ఒక జీవితకాలం అయినా, చిన్నప్పుడు చూసినవి ఆవిడ లోపల అలాగే ఉన్నాయి. పెద్దకర్మనాడు పోయినవాళ్ల పేరు మీద మంచమూ గొడుగూ చెప్పులూ దానమిస్తారు. పట్టుకున్నవాడు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతాడు. ఇచ్చినవాళ్ల కీడంతా పుచ్చుకున్నవాడి వెంట పోతుందని అనుకునేవారు. అందుకే ఆ మనిషిని ఇంకెవరూ గడప లోపలికి పిలిచేవారు కాదు. చిన్న గవరమ్మ తలుపు సందులోంచి అతని వీపు చూసి వణికిపోయేది.

"మనకొద్దు," అంది గవరమ్మ.

"ఏంటి నానమ్మా వద్దు?"

"ఆ సొమ్ము. సచ్చిపోయిన గుంట పేరు మీద ఇచ్చిన దానం నా మనవరాలు పుచ్చుకోదు."

"అరే, ఇది దానం కాదు! ఎంతమంది అప్లై చేశారో తెలుసా? పరీక్ష పెట్టారు, ఇంటర్వ్యూ చేశారు..."

"పరీచ్చ పెట్టి మరీ అంటగడతన్నారన్నమాట!"

"అమ్మా, బస్ కరో, ఇక ఊరుకో," అన్నాడు రామ్‌ప్రసాద్ మెల్లగా. "అది కష్టపడి తెచ్చుకుంది."

"నువ్వూరుకోరా. నాను బతికుండగా ఆ సొమ్ము ఈ గడప తొక్కకూడదు."

కనకలక్ష్మి అత్తగారికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు చెప్పింది. "బోటు అద్దెలు మనం పెట్టలేం అత్తా. ఇది పోతే దాని చదువు ఇక్కడితో ఆగిపోద్ది. సోమవారం లోపు ఒప్పుకోకపోతే ఇంకొకరికిచ్చేస్తారు."

"ఇయ్యనీ! ఇది క్లర్కు పరీచ్చ రాసుకుంటాది. పేణాలతో ఉంటాది." గవరమ్మ ఏడుపందుకుంది. "దీన్ని సముద్రంలోకి పంపడమే నాకు గుండె దడ. అందులోనూ పోయిన పిల్ల సొమ్ము కట్టుకుని దిగుతాదా? ఏటైనా అయితే నానేం సేసేది?"

లహరి చెయ్యి కడిగేసుకుంది. నానమ్మ తిడితే తిరిగి తిట్టే పిల్లే. ఏడిస్తే మాత్రం ఆవిడ మీద గెలవలేదు. "సరేలే నానమ్మా, వద్దు," అని కంచం ముందునుంచి లేచిపోయింది.

గవరమ్మ గెలిచింది. ఆ గెలుపు శనివారమంతా ఆవిణ్ని తిననివ్వలేదు, కూర్చోనివ్వలేదు. ఇంట్లో ఎవరూ ఎవరి మీదా అరవలేదు. లహరి అటక మీంచి క్లర్కు పరీక్ష పుస్తకం దించి, దుమ్ము దులిపి, బుద్ధిగా చదువుకుంటూ కూర్చుంది. ఆ బుద్ధిమంతురాలిని గవరమ్మ మాటిమాటికీ వచ్చి చూసిపోయింది. అల్లరి చేసే తన పిల్ల ఏదీ?

రాత్రికి ఆవిడకొక ఉపాయం తట్టింది. డబ్బులో దోషం లేదు, దోషమంతా పేరులో ఉంది! పేరు మారిస్తే సరిపోయె. ఎంత తేలిక సంగతికి ఇంత గొడవ పడ్డామని తనని తానే మెచ్చుకుని నిద్రపోయింది.

ఆదివారం పొద్దున్నే గుడికని చెప్పి ఆటో ఎక్కింది. డైరీ ఫార్మ్‌లో శేషమ్మ టీచరు ఇల్లెక్కడని అడిగితే ఇద్దరు ముగ్గురు ఒకేసారి చెయ్యి చూపించారు. తీరా చూస్తే ఆ ఇంటి గేటుకి రంగు కాయితాలు కట్టి ఉన్నాయి. లోపల్నుంచి పాటలు, కేకలు, ఎవరో పడీపడీ నవ్వడం. బిడ్డ పోయిన ఇల్లిలా ఉంటుందా? ఇల్లు తప్పాననుకుని గవరమ్మ వెనక్కి తిరగబోయింది.

"వచ్చారా అమ్మా! రండి రండి, బూరెలు చీదేస్తున్నాయి!" అంటూ ముఖం నిండా పిండి పూసుకున్న ఒక పెద్దావిడ పరుగున వచ్చి, గవరమ్మ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. వంటసాయానికి ఎదురింటివాళ్లు పంపుతామన్న మనిషనుకుంది పాపం.

గవరమ్మ నోరు తెరిచిందిగాని, మూకుడు చూడగానే అనబోయిన మాట మర్చిపోయింది. నూనెలో బూరెలన్నీ పగిలి పూర్ణం బయటపడుతోంది. కళ్లముందు బూరెలు పాడవుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. "తోపు పిండి పల్చనైపోనాది తల్లీ, కాస్త బియ్యప్పిండి తే!" అని కొంగు బిగించింది. తర్వాత వాయి గుండ్రంగా పొంగేసరికి ఆవిడే మురిసిపోయింది.

ఒక కుర్రాడు పళ్లెం పట్టుకుని లోపలికొచ్చాడు. మణికుమార్ అట, ఫెరార్గంజ్‌లో వ్యవసాయం చేసుకునేవాళ్ల అబ్బాయి. "అమ్మమ్మా, పాయసం ఈ బియ్యంతో వండాలి. ఉప్పునీళ్లు ఎక్కిన మళ్లలో పండించాను. సునామీ తర్వాత మా పొలాల్లో గడ్డి కూడా మొలవలేదు. ఈ వంగడం నిలబడింది."

"నువ్వు పండించినావా?"

"నేనూ, మా ప్రొఫెసరుగారూ. పరీక్షల ఖర్చు, మడికి కౌలు అంతా హరితక్క ఇచ్చింది."

గవరమ్మ చేతిలో జల్లెడ గరిటె ఆగింది. తను రావలసిన ఇంటికే వచ్చింది. పిండి పూసుకున్న ఈ మనిషే శేషమ్మ టీచరు.

"ఈ రోజు ఏటమ్మా? మీ పాప తద్దినమా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"తద్దినం వేరే ఉందండీ. ఆ రోజు ఆయనా నేనూ తలుపులేసుకుని ఏడుస్తాం. దానికెవర్నీ పిలవం," అంది శేషమ్మ. "ఇవాళ దాని పుట్టినరోజు. దానికి బూరెలంటే ప్రాణం. ఈ పిల్లలంతా వచ్చి ఏం కనిపెట్టారో చెప్పి, తిని, ఇల్లు పీకి పందిరేసి పోతారు."

ఇక దాచడం గవరమ్మకి చేతకాలేదు. చేతులు కడుక్కుని, తాను లహరి నానమ్మనని చెప్పింది. వచ్చిన పనీ చెప్పేసింది. "మీ మనసు మంచిదేనమ్మా. నాకే బయం. ఆ పిల్ల పేరు తీసీసి అప్పన్నసామి పేరు పెట్టీయండి. మా గుంట సదువుకుంటాది."

వసారాలో పాట ఆగిపోయింది. గుమ్మంలోకి వచ్చిన ఉదయ్‌కుమార్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాడు. శేషమ్మ పొయ్యి కట్టేసి, పీట లాక్కుని గవరమ్మ పక్కన కూర్చుంది.

"అది జ్వరంతో పోయిందమ్మా. అప్పట్నుంచి చుట్టాలెవరూ నా ఎదుట దాని పేరెత్తరు. ఏడుస్తానని భయం. ఇంట్లో పిలుద్దామంటే పలికే పిల్ల లేదు. ఈ పిల్లలే హరితక్క, హరితక్క అంటూ తిరుగుతారు. అదీ తీసేయమంటే నాకేం మిగులుతుందండీ?"

గవరమ్మ పిండి గిన్నె పక్కకి జరిపి ఆవిడ వైపు తిరిగింది.

"మీ భయం నాకు తెలియంది కాదు," అని శేషమ్మే మళ్లీ అంది. "మొదటి ఏడు ఎంపికైన పిల్లకి బతికుందో లేదోనని రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని. నా బాధ పడలేక అది ఫోను ఆపేసి పడుకునేది!" కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "కానీ ఇది దానం కాదమ్మా. దాని పెళ్లికని, చదువుకని, పుట్టినప్పట్నుంచి వెనకేసిన దాని వాటా. పిల్ల లేదని ఆడపిల్ల వాటా మేమెలా తినేస్తాం? అది చదవాలనుకున్న చదువు చదివేవాళ్లకి కాకపోతే ఎవరికిస్తాం?"

వాటా అన్నమాట గవరమ్మ గుండెల్లో నేరుగా దిగింది. పట్టిన చేపల్లో ఒడ్డున తాడు లాగిన ప్రతి చేతికీ వాటా వేసే ఇంట్లో పుట్టిందావిడ. మనిషి రాలేకపోయినా వాటా ఆ ఇంటికి చేరాల్సిందే. ఈ తల్లిదండ్రులు చేస్తున్నదీ అదే గదా! తాను కీడు చూసిన చోట కన్న కడుపుంది. తన పిల్ల క్షేమం కోసం ఇంకొక తల్లిని బిడ్డ పేరు వదులుకోమని అడగడానికి ఆటో ఎక్కి మరీ వచ్చింది. ఆ సిగ్గుతో, ఆ దుఃఖంతో గవరమ్మ బావురుమంది. శేషమ్మా ఏడ్చింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు.

ముందు తేరుకున్నది గవరమ్మే. "బాబూ మణీ, మా వోళ్లకి ఫోన్ కొట్టు! క్లర్కు పుస్తకాలు అవతల పారీసి బేగి రమ్మను!"

నానమ్మ ఎవరితోనో యుద్ధానికి దిగిందనుకుని ముగ్గురూ హడలిపోతూ వచ్చారు. తీరా చూస్తే వంటింట్లో గవరమ్మ అందరికీ పనులు పురమాయిస్తోంది. రామ్‌ప్రసాద్ చేతులు కట్టుకుని, "మాఫ్ చెయ్యండి టీచరుగారూ, మా అమ్మ ఏమన్నా అనుంటే..." అన్నాడు.

"చాలా అన్నారు," అంది శేషమ్మ. "బూరెలు కూడా బాగు చేశారు."

లహరి భయంభయంగా ముందుకొచ్చి వంగి, "నమస్తే మేడమ్," అంది.

"మేడమేటే?" గవరమ్మ కసిరింది. "ఆవిడ నీకు పెద్దమ్మ. ఆరిత నీకు అక్క. అక్క వాటా సెల్లి తీసుకుంటే దాన్ని దానమనరు. తీసుకో. సముద్రంలోకి దిగే ముందు అక్కని తలుసుకో. అక్కే సూసుకుంటాది."

లహరి నానమ్మ ముఖంలోకి నమ్మలేనట్టు చూసింది. కనకలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వసారాలోంచి పిల్లలంతా గుమ్మం దగ్గర మూగారు. వాళ్లలో ఒకమ్మాయి అడిగింది. "నువ్వెవరు? ఈ ఏడాది కొత్తగా వచ్చావా?"

"అవును," అంది లహరి. తర్వాత గొంతు పెంచి, ఇల్లంతా వినపడేలా చెప్పింది. "నేను హరితక్క చెల్లెల్ని."

"పెద్దమ్మా అని కూడా పిలవ్వే," అంది గవరమ్మ.

"పెద్దమ్మా!"

ఆ పిలుపుకి శేషమ్మ "ఓయ్" అని పలికింది. పలికాక నవ్వు ఆపుకోలేక, ఏడుపు ఆపుకోలేక ఉక్కిరిబిక్కిరైపోయింది. గవరమ్మ దగ్గరికెళ్లి తన కొంగుతో ఆవిడ ముఖం మీది పిండీ, కన్నీళ్లూ కలిపి తుడిచింది.