లోపలి దగ్గు

బందరులో మేం అద్దెకున్న ఇంట్లో మూడు వాటాలకీ కలిపి ఒకటే లెట్రిన్. పెరటి చివర, రేకు తలుపుతో ఉండేది. లోపలి గడియ ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయింది. బయటి గొళ్ళెం మాత్రం గట్టిది. కుక్కలు దూరకుండా, వాడుకున్నవాళ్ళు దాన్ని వేసి వెళ్ళాలి. గడియ లేని లోటు దగ్గు తీర్చేది. వెళ్ళేవాళ్ళు బయట నిలబడి దగ్గాలి, లోపల మనిషి ఉంటే తిరిగి దగ్గాలి. ఇంటావిడ కృపావతి గారు మేం చేరిన రోజే ఈ చట్టం చెప్పారు. గడియ బాగుచేయించమంటే మాత్రం ఆవిడకి వినపడేది కాదు.

తొంభై ఎనిమిది సంగతి. నేను గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ గుమస్తాని. నా పెద్దపేగులో పుండ్లు పడ్డాయని ఆ ఏడే బెజవాడ డాక్టరు తేల్చాడు. నొప్పి, నెత్తురు సరే, అసలు నరకం రాత్రిళ్ళు. నాలుగైదుసార్లు లేవాలి. లేవని గంటల్లో, మళ్ళీ ఎప్పుడు లేవాలోనని మెలకువే. నిద్ర లేకపోతే జబ్బు ముదురుతుందన్నాడు డాక్టరు. జబ్బేమో నిద్రపోనివ్వదు. ఇంక మనిషి ఎటు పోవాలి?

"మీకు ముందున్న పిచ్చేశ్వరరావు మాస్టారిదీ ఇదే జబ్బు బాబూ," అన్నారు కృపావతి గారు ఒకసారి. "రాత్రంతా పెరట్లోనే. ఓ పొద్దున్న చూస్తే... లోపలే పోయారు పాపం."

ఇలాంటివి చెప్పడంలో మాత్రం ఆవిడకి ఏ లోటూ లేదు.

నా భార్య గ్రేస్ ప్రతిసారీ టార్చి పట్టుకుని నాతోపాటు లేచేది. డాక్టరుకి చూపించాలని, లేచినప్పుడల్లా చర్చి క్యాలెండరు మీద ఒక గీత గీసేది. ఆమెకి ఏడో నెల. కళ్ళు గుంటలు పడిపోయాయి. చూస్తుంటే నామీద నాకే అసహ్యం వేసేది. ఆ శనివారం ఒట్టు వేశాను.

"ఈ రాత్రి నిన్ను లేపను. హాయిగా పడుకో."

మిగతా వాటాలు ఖాళీ. నాగేశ్వరరావు గారి కుటుంబం గుడివాడ పెళ్ళికి వెళ్ళింది. కృపావతి గారు ప్రార్థన కూటాలకి వెళ్ళారు. పదకొండింటికి కరెంటు పోయింది. గాలి లేదు. రేవు వైపునుంచి ఎండుచేపల వాసన వచ్చి పెరట్లో నిలబడిపోయింది.

ఒంటిగంటకి నేను లోపల ఉండగా, బయట ఎవరో దగ్గారు.

అలవాటు ప్రకారం తిరిగి దగ్గాను. నాగేశ్వరరావు గారు ముందే వచ్చేశారేమో అనుకుని గబగబా బయటికొచ్చాను. ఎవరూ లేరు. వాళ్ళ వాటాకి తాళం వేలాడుతోంది. గొళ్ళెం వేసి వచ్చి పడుకున్నాను. నిద్ర ఎలాగూ రాలేదు.

రెండున్నరకి మళ్ళీ పేగు మెలిపెట్టింది. వెళ్ళాను. నేను వేసిన గొళ్ళెం వేసినట్టే ఉంది. అయినా పాడు అలవాటు, దగ్గాను.

లోపల దగ్గు.

పరుగెత్తమంటోంది మనసు. కడుపు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగనంటోంది... ఈ జబ్బుకి భయం కూడా లెక్కలేదు.

"ఎవరండీ?" గొంతు తగ్గించి అడిగాను.

"రండి..." నీరసమైన గొంతు. "నాది అయిపోయింది... మీరు రండి."

గొళ్ళెం తీశాను. లోపల ఎవరూ లేరు. వేరే దారి లేక వెళ్ళి కూర్చున్నాను.

బయట గొళ్ళెం పడింది.

అడుగుల చప్పుడు... మా గది వైపు. మా తలుపు కిర్రుమంది. తర్వాత మంచం. తర్వాత గురక. రెండు నెలలుగా నాకు రాని గురక.

తలుపు తోశాను. కదల్లేదు. బాదాను. రేకు మోగలేదు. ఒట్టూ లేదు గిట్టూ లేదు, గ్రేస్‌ని పిలిచాను. నోట్లోంచి పేరు రాలేదు. దగ్గు వచ్చింది. మళ్ళీ పిలిచాను. మళ్ళీ దగ్గే.

కాసేపటికి గుమ్మం దగ్గరనుంచి టార్చి వెలుతురు తలుపు సందుల్లో పడింది.

"నాగేశ్వరరావు గారా?" గ్రేస్ గొంతు. "ఏమనుకోకండి అన్నయ్యగారూ, కాస్త మెల్లగా దగ్గండి. మా ఆయన ఎన్నాళ్ళకో నిద్రపోయారు."

గ్రేస్, నేనే... నేనిక్కడ...

దగ్గు.

వెలుతురు వెళ్ళిపోయింది. ఆ ఇరుకులో, చీకట్లో, మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాను.

కోళ్ళు కూసేసరికి తలుపు దానంతటదే తెరుచుకుంది. ఇంట్లోకి పరుగెత్తాను. మంచం ఖాళీ. గ్రేస్ క్యాలెండరు ముందు నిలబడి ఉంది. ఆమె మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో.

"దేవుడికి స్తోత్రం! రాత్రి ఒక్క గీత కూడా లేదండీ. ఇందాకటిదాకా కదలకుండా పడుకున్నారు," అంది. "నిద్రలో దగ్గారు, అంతే. నేనూ మగతలో ఉన్నానేమో, అలవాటుకొద్దీ తిరిగి దగ్గాను."

మంచం మీద చెయ్యి పెట్టాను. దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది.

"ఎందుకో కడుపులో మెలిపెడుతోంది, ఇప్పుడే వస్తా," అంటూ గ్రేస్ పెరట్లోకి నడిచింది. అడ్డుపడేలోపే గొళ్ళెం పడిన చప్పుడైంది.

పరుగెత్తాను. గొళ్ళెం బయటినుంచి వేసి ఉంది.

"గ్రేస్!"

లోపలినుంచి దగ్గు వినిపించింది. గొళ్ళెం మీద చెయ్యి వేశాను. అప్పుడే, నా వెనక, ఇంట్లో, మంచం కిర్రుమంది.