అరకిలోమీటరు నడిచిన గోడ

"ఏందీ, పూరీలు చేస్తాడంటనా? దానికి నంద్యాల నుంచి ఇంజనీరు రావాల్నా?"

"పూరీలు కాదు నాయనా, ఫూరియర్ లెక్క!" అక్షయ నెత్తి కొట్టుకుంది.

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే ఓబులేసుకు ఉలిదెబ్బలు విని విని చెవులు సగం రాయైపోయాయి. ఆయన కొత్త రాయికోత మిషన్ తిరిగితే తన గోడ కూలుతుందనీ, షెడ్డు మూసేయాల్సిందేననీ పక్కింటి లింగమ్మ పట్టు. గోడ ఎంత ఊగుతుందో తేల్చడానికి అక్షయ తన ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ కిరణ్‌ను నంద్యాల నుంచి పిలిపించింది. షెడ్డు నిలిస్తే, ఆ సంతోషంలోనే కిరణ్ సంగతి నాయన చెవిన వేయాలని ఆమె ప్లాను.

కిరణ్ గోడకు వణుకు కొలిచే సెన్సర్ అతికించాడు. మిషన్ గర్జించింది. లాప్‌టాప్ లెక్క చెప్పింది. కిరణ్ నోరు జారాడు.

"గోడ... అరకిలోమీటరు జరిగిందాంటీ."

"ఓయమ్మో! నా గోడ నంద్యాల బస్సెక్కింది!" లింగమ్మ గుండెలు బాదుకుంది. "ఇంక షెడ్డు మూయాల్సిందే!"

ఓబులేసు గోడకేసి చూశాడు. "బేగా తిరిగొచ్చినట్లుందే అప్పా!"

అక్షయ లాప్‌టాప్ లాక్కుంది. "ఫూరియర్ చేయకుండానే లెక్కేసినావా? సెన్సర్ రవ్వంత వొరిగినా భూమి లాగుడు దాంట్లో దూరుతుంది. దాన్ని వేగం చేసి, మళ్లా దూరం చేస్తే రవ్వంత కొండంత అయితాది!"

ఇద్దరూ తలలు దగ్గర పెట్టారు. వణుకును ఫూరియర్‌తో అలలు అలలుగా విడదీశారు. అసలు ఊగని దాన్నీ, బద్ధకంగా ఊగేవాటినీ తీసి పారేశారు. మిగిలిన ప్రతి అలనూ దాని ఫ్రీక్వెన్సీతో ఒకసారి భాగిస్తే వేగం, ఇంకోసారి భాగిస్తే దూరం. అన్నీ తిరిగి కలిపారు. గోడ ఊగింది వెంట్రుకంత కూడా లేదు! తలలు మాత్రం అవసరానికి మించి దగ్గరయ్యాయి.

ఓబులేసు వాలు చూపే రసమట్టం తెచ్చి సెన్సర్ మీద పెట్టాడు. బుడగ పక్కకు పరుగెత్తింది.

"ఇంత వొంకరగా ఎట్ల అతికించినావప్పా? చూసుకోలేదా?"

"చూస్తానే అతికించినా సార్..."

"యాడ చూస్తా?"

కిరణ్ గబగబా సెన్సర్ సరిచేయబోయాడు.

"ఆడ!" లింగమ్మ వేలు అక్షయ వైపు తిరిగింది. "నేను కండ్లారా చూసినా. చెయ్యి గోడమీద, చూపు పిల్లమీద! గోడ యాడికీ పోలేదు గానీ..."

అక్షయ బుగ్గలు కందాయి. "నేనే చెప్దామనుకున్నా నాయనా."

ఓబులేసు రసమట్టం తీసి, కూతురి వైపు తిరిగాడు.

"అయితే జరిగింది గోడ కాదు, నువ్వు. ఎంత దూరం పోయినావమ్మా?"

"నంద్యాల దాకా నాయనా."

"సరే. ఇప్పుడు నిజంగానే పూరీలు చేయండి. అల్లుడు తింటాడు. లింగమ్మక్కా, నువ్వూ రా. తినేంతసేపు మిషన్ ఆపుతా."